తమ్ముడి ఐడీ కార్డు

విశాఖపట్నం నుంచి ఏడు పేజీల ఉత్తరం వచ్చింది. రాసినావిడ వయసు 33. అక్కడే ఒక యూనివర్సిటీలో న్యాయశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నారు. ఫోన్ యాప్‌లలో ఇచ్చే అప్పుల్ని మన చట్టాలు ఎంతవరకు అదుపు చేస్తున్నాయి, ఎక్కడ చేతులెత్తేస్తున్నాయి అన్నది ఆమె అంశం. ఆరో ఏడు నడుస్తోంది. ఫెలోషిప్ పోయినేడాదితో ఆగిపోయింది. ఒక ప్రైవేటు లా కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో థీసిస్ రాసుకుంటున్నారు.

నాన్నగారు లేరు. ఆయన బతికుండగా గాజువాక వైపు కట్టుకున్న ఇంటి మీద అప్పు మిగిలే ఉంది, నెలకి 11,400 కిస్తీ. దాన్ని ఇప్పుడు కడుతున్నది ఆమెకంటే ఏడేళ్ళు చిన్నవాడైన తమ్ముడు. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఖాళీగా తిరిగి, చివరికి మధురవాడ దగ్గర ఒక కంపెనీలో చేరాడు. "బ్యాంకులకి పనిచేసే కంపెనీ" అని ఇంట్లో చెప్పాడు. జీతం 24 వేలు, పైన ఇన్సెంటివ్. వాడికి ఉద్యోగం వస్తే గిరిప్రదక్షిణ చేస్తానని సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్న తల్లి, మోకాళ్ళ నొప్పులతోనే ఆ 32 కిలోమీటర్లూ నడిచి మొక్కు తీర్చుకుంది.

థీసిస్ కోసం ఆమె యాప్ అప్పులు తీసుకున్న 38 మందితో మాట్లాడారు. వాళ్ళలో ఒకావిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కూతురి స్కూలు ఫీజుకని 15 వేలు తీసుకుని, రెండు వాయిదాలు కట్టలేకపోయింది. ఉదయం ఆరింటికీ ఫోన్లే, రాత్రి పది దాటాకా ఫోన్లే. ఆడపడుచుకి చేశారు, చివరికి పిల్ల క్లాసు టీచరుకీ చేశారు. ఆవిడ తనకొచ్చిన వాట్సాప్ మెసేజ్‌లు చూపించింది. వాటి అడుగున రికవరీ ఏజెన్సీ పేరుంది. ఆ పేరు ఎక్కడో చూశానే అని మన పరిశోధకురాలు రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నారు. మూడో రోజు పొద్దున, తలుపు వెనక మేకుకి వేలాడుతున్న తమ్ముడి ఐడీ కార్డు తాడు మీద కనబడింది.

"అప్పటినుంచి తొమ్మిది రోజులైంది మేడమ్. వాడు అన్నానికి కూర్చుంటే నేను లేచిపోతున్నాను. ఆవిడ నంబరు మీ లిస్టులోంచి తీసెయ్యరా అని అడుగుదామని ఒకసారి ఫోన్ కూడా చేతిలోకి తీసుకున్నాను. గైడ్‌గారు నెలాఖరుకల్లా ఆ చాప్టర్ కావాలంటున్నారు, ప్రీ-సబ్మిషన్ సెమినార్ ఉంది. వాడి మీద కంప్లైంట్ ఇవ్వాలా? చాప్టర్ తీసెయ్యాలా? అమ్మకి చెప్పాలా? పోయినేడాది నా ఫీజు కూడా ఆ డబ్బుతోనే కట్టానని తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు" అని రాశారు.

అమ్మా,

ముందు నేను చేసిన పని ఒకటి మీకు చెప్పాలి. మీ ఉత్తరం నాలుగో పేజీలో ఆ కుట్టుపని ఆవిడ అసలు పేరు, వీధి పేరు రాసేశారు. చదవగానే ఆ రెండూ నల్ల పెన్నుతో కొట్టేశాను. పైన రాసిన దాంట్లో ఆవిడ వృత్తి, అప్పు మొత్తం, మీ ఇంటి సంగతులు కొన్ని మార్చాను. మిమ్మల్ని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. 38 మందికి పేర్లు బయటపెట్టనని సంతకం పెట్టి మాటిచ్చిన మనిషి, ముక్కూమొహం తెలియని నాకు పేరుతో సహా రాశారంటే మీరు ఎంత టెన్షన్‌లో ఉన్నారో అర్థమవుతోంది. అదే టెన్షన్‌లో తమ్ముడి ముందు కూడా నోరు జారవచ్చు. మిగతావన్నీ నిదానంగా ఆలోచించుకోవచ్చు, ఈ ఒక్కదాంట్లో మాత్రం జాగ్రత్త.

మీరు అడిగిన ప్రశ్నలన్నీ తమ్ముడి చుట్టూ, థీసిస్ చుట్టూ తిరిగాయి. ఆ కుట్టుపని ఆవిడ గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. కానీ ఆవిడ మిమ్మల్ని అడిగింది మాత్రం మీరే రాశారు. "ఏటి సెయ్యమంటారు మేడమ్, మీరు సదూకున్నోరు" అందట. పరిశోధకురాలు జోక్యం చేసుకోకూడదని మీరు తలూపి వచ్చేశారట.

ఈ వ్యవహారంలో అందరికంటే తక్కువ వ్యవధి ఉన్నది ఆవిడకే. చాప్టర్ ఒక నెల ఆలస్యమైతే కొంప మునగదు. తమ్ముడితో మాట ఇన్నాళ్ళు ఆగింది, ఇంకో రెండు రోజులూ ఆగుతుంది. ఆవిడకి మాత్రం రేపు పొద్దున ఆరింటికి మళ్ళీ ఫోన్ మోగుతుంది. ఇంటర్వ్యూ అయిపోయింది కదా, ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో ఒక మనిషికి చెప్పినంత మాత్రాన పరిశోధన మైలపడిపోదు. చేసిన సాయం సంగతి థీసిస్‌లో ఒక వాక్యం రాసుకుంటే సరిపోతుంది.

ఇకముందు చెప్పేవి మీకు నాకంటే బాగా తెలుసు. ఈ పేజీ చదివే ఇంకెవరి ఇంట్లోనైనా ఇలాంటి ఫోన్ మోగుతుంటే పనికొస్తాయని రాస్తున్నాను. యాప్ పేరు వేరు, నిజంగా అప్పు ఇచ్చిన సంస్థ పేరు వేరు. ముందు ఆ రెండో పేరు పట్టుకోవాలి. అప్పు చేతికిచ్చేలోపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన. వడ్డీ, ఛార్జీలు అన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతోంది, ఫిర్యాదు వినే అధికారి ఎవరు అన్నవి అందులో ఉండాలి. ఆవిడ మెయిల్లోనో మెసేజ్‌లలోనో వెతకండి. దొరికితే అప్పిచ్చిన ఆ ఎన్‌బీఎఫ్‌సీకి (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీకి) ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టించండి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చెయ్యకూడదని 2022 ఆగస్టులోనే ఆర్‌బీఐ చెప్పింది. ఫలానా ఏజెంటు మిమ్మల్ని సంప్రదిస్తాడని అప్పు తీసుకున్న మనిషికి ముందే మెసేజ్ పంపాలి. ఫోన్‌లోని కాంటాక్ట్ లిస్టు జోలికి యాప్ అసలు పోకూడదు. ఆవిడ విషయంలో మూడూ తప్పారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చింది సరిగా లేకపోతే అలాంటి ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 14448కి ఫోన్ చేస్తే ఫిర్యాదు ఎలా పెట్టాలో చెబుతారు.

ఆ పత్రమూ లేదు, ఎన్‌బీఎఫ్‌సీ పేరూ లేదు అంటే అది వేరే కథ. యాప్ వెనక లైసెన్సున్న సంస్థే లేకపోవచ్చు. 2025 జూలై నుంచి ఆర్‌బీఐ వెబ్‌సైట్లో అప్పుల యాప్‌ల జాబితా ఉంది, అందులో చూడండి. కాకపోతే ఆ జాబితా సంస్థలు తమంతట తాము పంపిన వివరాలతో తయారైంది. ఆర్‌బీఐ ఒక్కో యాప్‌నీ పరీక్షించి ముద్ర వేసిందని అనుకోకూడదు. అందులో లేనివాటి మీద ఆర్‌బీఐవాళ్ళదే అయిన సచేత్ పోర్టల్లో ఫిర్యాదు చెయ్యవచ్చు. ఫొటోలు మార్చి పంపుతామన్నా, పరువు తీస్తామని బెదిరించినా అంబుడ్స్‌మన్ కోసం నెల రోజులు కాచుకోనక్కర్లేదు. నేరుగా సైబర్ క్రైమ్ పోర్టల్లోనో, 1930 నంబరుకో చెప్పుకోవచ్చు, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళవచ్చు. స్క్రీన్‌షాట్లు, కాల్ వచ్చిన టైములు తుడిచెయ్యొద్దని ఆవిడకి గట్టిగా చెప్పండి. సిగ్గుతో చాలామంది మొట్టమొదట చేసే పని అదే. ఇంకో మాట కూడా చెప్పండి. లైసెన్సున్న సంస్థ ఇచ్చిన అప్పయితే బాకీ ఎక్కడికీ పోదు. వేధింపు మీద ఫిర్యాదు పెడుతూనే, వాయిదాలు సర్దుబాటు చెయ్యమని అదే ఉత్తరంలో అడగడం మంచిది.

ఇప్పుడు మీరు ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసిన సంగతి. పెట్టేసి మంచి పని చేశారు. ఆ నంబరు తీసెయ్యమని తమ్ముణ్ణి అడిగుంటే అదే ఈ చిక్కుకి అన్నిటికంటే తేలికైన దారిలా కనిపించేది. వాడు తీసేసేవాడేమో కూడా. కానీ ఆ క్షణంలో మీ దగ్గర దాచుకోమని ఇచ్చిన పేరు ఏజెన్సీ చేతిలో పడేది. "నువ్వు ఎవరికో చెప్పావట" అని రేపు ఇంకొకడు ఆవిడకి ఫోన్ చెయ్యడని ఏంటి నమ్మకం? మీ 38 మందిలో అదే ఏజెన్సీ ఇంకెంతమందికి ఫోన్ చేస్తోందో మీకు తెలియదు. వాళ్ళకి తమ్ముళ్ళు లేరు. పైగా ఆ రోజునుంచి మీరు తమ్ముడికి బాకీ పడతారు, ఆ బాకీ థీసిస్‌లో ఎక్కడో ఒకచోట వసూలవుతుంది.

తమ్ముడి దగ్గరికి వద్దాం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాడు ఏం చేస్తాడో మీకు తెలిసినట్టు ఎక్కడా లేదు. తాడు మీది పేరు, మెసేజ్ కింది పేరు ఒకటే. అంతవరకే మీ దగ్గరున్న రుజువు. అలాంటి చోట కాగితాలు సరిచూసేవాళ్ళుంటారు, కట్టిన డబ్బు ఖాతాలో ఎక్కించేవాళ్ళుంటారు, వాయిదాకి రెండు రోజుల ముందు మర్యాదగా గుర్తుచేసేవాళ్ళుంటారు. ఆలస్యాన్నిబట్టి బాకీల్ని బకెట్లుగా విడదీస్తారు. మొదటి బకెట్లో "సర్, మేడమ్" అనే గొంతుకి, ఆఖరి బకెట్లో వినబడే గొంతుకి పోలిక ఉండదు. వాడు ఏ కుర్చీలో కూర్చుంటాడో అడగకుండానే తొమ్మిది రోజులుగా వాడికి శిక్ష వేస్తున్నారు. వాడికి అన్నం దగ్గర అక్క ఎందుకు లేచిపోతోందో కూడా తెలియదు.

అడ్డం వచ్చినా నా సంగతి ఒకటి చెప్పనివ్వండి. నేను 31 ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను. చేరిన కొత్తలో శ్రీకాకుళం జిల్లాలో ఒక బ్రాంచిలో ఉన్నాను. మార్చి వచ్చిందంటే జీపులో ఊళ్ళమీద పడేవాళ్ళం. జీపు సరిగ్గా బాకీదారు గుమ్మం ముందే ఆపాలి, పక్కవీధిలో ఆపితే రికవరీ రాదు అనేవారు మా మేనేజరు. దిగి, అరుగు మీద కూర్చుని, ఫైలు తెరిచి, పేరు గట్టిగా చదవాలి. చుట్టుపక్కల తలుపుల్లోంచి తలలు బయటికొచ్చేవి. అసలు పని ఆ తలల్దే. ఒకాయన మర్నాడు దూడతో సహా గేదెను అమ్మేసి తెచ్చి కట్టాడు. మేనేజరు నన్ను మెచ్చుకున్నాడు. నేను సంతోషపడ్డాను కూడా. ఆ ఉద్యోగంతోనే మా చెల్లెలి పెళ్ళి చేశాను. అది తప్పేమో అన్న ఆలోచన రావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ జీపు రోజుల్లో నేను పాతికేళ్ళదాన్ని. దాదాపు మీ తమ్ముడి వయసు.

జీపు పోయి మైక్రోఫైనాన్స్ వచ్చింది. వారం వారం మీటింగులు, ఒకరు కట్టకపోతే గ్రూపంతా పూచీ. కట్టలేని మనిషి ఇంటిముందు గ్రూపులోని ఆడవాళ్ళే కూర్చునేవారు. 2010 అక్టోబరులో మన ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చింది, మరుసటి ఏడు అది చట్టమైంది. ఇళ్ళకి వెళ్ళి వసూలు చెయ్యకూడదు, వారం వాయిదాలు కుదరవు అన్నారు. వసూళ్ళు ఒక్కసారిగా కుప్పకూలాయి. మీ రెండో చాప్టర్ దాని మీదే అని రాశారు. ఆ ఆర్డినెన్స్ ఇంటి ముందు జనాన్ని లేపేసింది గాని, అప్పుని పరువుతో ముడిపెట్టే పద్ధతిని లేపలేకపోయింది. అది ఫోన్‌లోకి ఎక్కింది. గ్రూపు చేసిన పని ఇప్పుడు కాంటాక్ట్ లిస్టు చేస్తోంది. మీటింగులకి రాకుండానే, సంతకం పెట్టకుండానే ఆ టీచరమ్మ పూచీదారు అయిపోయింది.

2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు అక్కడా గురుగ్రామ్‌లోనూ యాప్ అప్పుల కాల్ సెంటర్ల మీద దాడులు చేసినప్పుడు, లోపల హెడ్‌సెట్లు పెట్టుకుని కనిపించింది ఎక్కువగా మీ తమ్ముడి ఈడు పిల్లలే. ఆ మరుసటి నెలలోనే ఆర్‌బీఐ వర్కింగ్ గ్రూప్ వేసింది. మన దేశంలో ఆండ్రాయిడ్ ఫోన్లకి దొరుకుతున్న సుమారు 1,100 అప్పుల యాప్‌లలో 600 దాకా అక్రమమని ఆ గ్రూప్ లెక్క తేల్చింది. యాప్ అప్పుల మీద 2022 సెప్టెంబరు మార్గదర్శకాలు అక్కడినుంచే పుట్టాయి, 2025 మే ఆదేశాలు వాటినే ఒకచోటికి చేర్చాయి. ఈలోగా, ఆర్‌బీఐ అదుపులో ఉన్న ఎన్‌బీఎఫ్‌సీలకి రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టం వర్తించదని 2022లో కేరళ కేసులో సుప్రీంకోర్టు అంది, 2023లో తెలంగాణ హైకోర్టు మన 2011 మైక్రోఫైనాన్స్ చట్టం విషయంలోనూ ఆ దారే పట్టింది. అంటే రాష్ట్రం చెయ్యి పక్కకి తప్పుకుంది. మిగిలిన ఆర్‌బీఐ చెయ్యి ఎన్‌బీఎఫ్‌సీ దాకానే నేరుగా చేరుతుంది. కింద ఏజెన్సీ తప్పు చేస్తే ఎన్‌బీఎఫ్‌సీని పట్టుకుంటుంది. ఏజెన్సీ చెవి పట్టుకునే పని ఎన్‌బీఎఫ్‌సీదే. మీరు దీన్ని థీసిస్‌లో "చివరి అంచె" అన్నారు. ఆరేళ్ళుగా మీకు అది కాగితం మీద గీసిన ఒక డబ్బా, దాంట్లోంచి కిందికి ఒక బాణం గుర్తు. ఇప్పుడు ఆ డబ్బాలో మీ తమ్ముడు కూర్చుని ఉన్నాడు. మీకు నిద్ర పట్టకపోవడానికి సగం కారణం అదే అనుకుంటాను.

(2016లో విశాఖని ఫిన్‌టెక్ వ్యాలీ, అంటే డబ్బు లావాదేవీల టెక్నాలజీ కంపెనీల అడ్డా చేస్తామన్న హడావిడి గుర్తుంది. ఆ కొండవాలులో ఇలాంటి కుర్చీలు కూడా పడతాయని అప్పుడు ఎవరూ పోస్టర్ మీద వెయ్యలేదు.)

వాడితో మాట్లాడండి, అక్కగా. నోటుబుక్కు వద్దు, రికార్డర్ వద్దు. ఈ జాగ్రత్త మర్యాద కోసమే కాదు. లాయరుకి క్లయింటు చెప్పిన మాటలకి చట్టంలో రక్షణ ఉంది. పరిశోధకులకి అలాంటిది లేదు. వాడు చెప్పింది మీ ఫీల్డ్ నోట్స్‌లో రాస్తే, రేపు ఎవరైనా ఆ నోట్స్ అడిగినప్పుడు దాచే హక్కు మీకుందని గట్టిగా చెప్పలేం. వాడి మాటలు థీసిస్‌లోకి రానివ్వకండి, పేరు మార్చి కూడా వద్దు.

ఇంట్లో మాట్లాడకండి, అమ్మ వంటింట్లో ఉంటుంది. వాడి సెలవు రోజున ఏదో పనుందని చెప్పి బండెక్కి భీమిలి రోడ్డు మీదికి తీసుకుపొమ్మనండి. వెనక కూర్చుంటే ఒకరి మొహం ఒకరికి కనబడదు. అక్కాతమ్ముళ్ళు కొన్ని మాటలు అలాగే ఆడుకోగలరు. "నువ్వు ఆడవాళ్ళని ఏడిపిస్తున్నావట" అని మొదలుపెడితే వాడు అక్కడే బండి ఆపేస్తాడు. "నీ పని ఎలా ఉంటుందిరా, ఎవరి తరఫున ఫోన్ చేస్తావు, ఏ టైములో చేస్తావు, టార్గెట్ ఎంత, స్క్రిప్టు ఎవరిస్తారు" అని అడగండి. ఎవరి తరఫున అన్నదే ముఖ్యం. ఎన్‌బీఎఫ్‌సీ పేరు చెప్పగలిగితే ఒక సంగతి. "అదంతా మాకు చెప్పరే, నంబర్ల షీటు ఇస్తారంతే" అన్నాడంటే మాత్రం వాడు ఆ చోట ఒక్కరోజు కూడా ఉండకూడదు, కిస్తీ ఆగినా సరే. అక్రమ యాప్‌కి చేసిన ఫోన్లు వాడి హెడ్‌సెట్ నుంచే వెళ్తాయి. బెదిరింపూ, బలవంతపు వసూలూ భారతీయ న్యాయ సంహితలో నేరాలు. టీమ్ లీడర్ చెప్పమన్నాడన్న జవాబు స్టేషన్లో పనికిరాదు.

ఎన్‌బీఎఫ్‌సీ ఉంది, పని మాత్రం మొరటుగా సాగుతోంది అంటాడనుకోండి. అప్పుడు వాడికి దార్లు రెండు మూడున్నాయి. అదే కంపెనీలో కాగితాల పనికో మొదటి బకెట్‌కో మారమని అడగవచ్చు. ఇన్సెంటివ్ తగ్గుతుంది, "మెత్తబడ్డాడు" అన్న మాటా పడుతుంది. మంచి చోట చేరదామంటే రికవరీ ఏజెంట్లకి ఐఐబీఎఫ్ అనే బ్యాంకింగ్ శిక్షణ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఉంది. డిగ్రీ ఉన్నవాళ్ళకి 50 గంటల శిక్షణ, తర్వాత పరీక్ష. బ్యాంకుల పని పద్ధతిగా తీసుకునే ఏజెన్సీలు అది అడుగుతాయి. ఈ మాట మీకు రుచించకపోవచ్చు గాని, బాకీ వసూలు చెయ్యడం పాపం కాదమ్మా. అప్పు తిరిగి రాకపోతే మీ నాన్నగారికి ఇంటి అప్పు ఇచ్చినవాళ్ళూ ఇచ్చేవాళ్ళు కాదు. గుమ్మం ముందు జీపు ఆపకుండా కూడా బాకీలు వసూలవుతాయి, తర్వాత తర్వాత నేనే చేశాను. కాస్త నెమ్మదిగా వస్తాయి, అంతే. మూడోది పూర్తిగా మానెయ్యడం. మానేస్తే మూడు నెలల కిస్తీ ఎలా అన్నది మీరిద్దరూ లెక్క వేసుకున్నాకే ఆ మాట వాడి ముందు పెట్టండి. బతుకుతెరువు వదిలెయ్యమని ఉత్తచేతులతో చెప్పే హక్కు అక్కకి కూడా ఉండదు.

కాదు, వాడు ఎదురు తిరుగుతాడు అనుకోండి. "నీ ఫీజు కట్టింది ఈ డబ్బేగా" అంటాడు. అంటాడనే అనుకోండి, ఆ మాట మీ మీదికి వస్తుందని ముందే తెలిసుంటే మంచిది. అవునురా, కట్టింది నువ్వే అని ఒప్పుకోండి. అది నిజం. వాడి జీతంతో మీరు చదివారు, మా చెల్లెలు నా జీతంతో అత్తారింటికి వెళ్ళింది. తెలియక తిన్న అన్నానికి మిమ్మల్ని మీరు కోర్టుకి ఈడ్చుకోకండి. తెలిశాక ఏం చేస్తారన్నదే మీ చేతుల్లో ఉంది.

వాడి మీద మీరు కంప్లైంట్ ఇవ్వాలా అన్నారు. దెబ్బ తిన్నది కుట్టుపని ఆవిడ. ఫిర్యాదు పెట్టాలో వద్దో ఆవిడ తేల్చుకోవాలి. ఆవిడ పెడితే అందులో ఏజెన్సీ పేరు ఉంటుంది, విచారణ మీ తమ్ముడి దాకా రావచ్చు. అది తెలిసి కూడా మీరు ఆవిడకి ఆ నంబర్లు ఇవ్వాలి. ఇది రాయడానికి నాకూ చెయ్యి ఆడలేదు. ఫిర్యాదు రాబోతోందని తమ్ముడికి ముందే ఉప్పందించారంటే సాక్ష్యాలు చెరిగిపోతాయి, అందులో మీ చెయ్యీ ఉంటుంది. కాబట్టి బండి మీద మాట్లాడేది వాడి ఉద్యోగం గురించే. ఫలానా ఆవిడ అని గాని, ఒక ఫిర్యాదు అని గాని అనకండి. వాడు తన గురించి నిజం చెబితే, స్నేహితుడిలాంటి ఒక లాయరు దగ్గరికి వాణ్ణి విడిగా పంపండి. మీరే వాడి లాయరు కాకండి.

ఇక చాప్టర్. ఏమీ జరగనట్టు రాసి ఇచ్చెయ్యవచ్చు. నెలాఖరు గడువు అందుతుంది, సెమినార్ గడిచిపోతుంది. వైవా రోజున గాని, ఆ తర్వాత పుస్తకంగా వేసిన రోజున గాని ఈ సంగతి బయటపడితే ఆ ఒక్క ఇంటర్వ్యూయే కాదు, 38 మంది మాటలూ అనుమానంలో పడతాయి. లేదంటే ఆ ఏజెన్సీతో ముడిపడిన ఇంటర్వ్యూలన్నీ పక్కన పెట్టెయ్యవచ్చు. చూడ్డానికి ఇది నిజాయితీలా ఉంటుంది. కానీ మీకు ఇబ్బందిగా ఉందని తీసేస్తే, మిగిలిన లెక్క ఆ ఏజెన్సీకి అనుకూలంగా వాలుతుంది. తమ్ముణ్ణి కాపాడ్డానికి తీశారా అని రేపు మీకే సందేహం వస్తుంది.

నాకు తోచేది గైడ్‌గారికి చెప్పడం. తమ్ముడు అనక్కర్లేదు, "నేను రాస్తున్న ఏజెన్సీల్లో ఒకదాంట్లో మా ఇంటి మనిషి పనిచేస్తున్నట్టు ఇప్పుడే తెలిసింది" అంటే చాలు. మీ విభాగంలో ఎథిక్స్ కమిటీ ఉంటే వాళ్ళకీ రాతలో ఇవ్వండి. ఆ ఏజెన్సీకి సంబంధించిన ఇంటర్వ్యూలని, పేర్లు తీసేసి, ఇంకో స్కాలర్ చేత విడిగా చదివించి సారం తీయించండి. మీరు తీసినదానితో పోల్చండి. పరిశోధన పద్ధతి రాసే చోట ఈ సంగతి నాలుగు వాక్యాల్లో రాయండి. దీనివల్ల నెలాఖరు గడువు తప్పుతుంది, మీ గైడ్‌గారు విసుక్కుంటారు. మహిళా స్కాలర్లకి గడువు మీద రెండేళ్ళ సడలింపు యూజీసీ నిబంధనల్లో ఉంది, అది ఉన్నది ఇలాంటప్పుడు వాడుకోవడానికే. గైడ్‌గారు "ఇవన్నీ ఎందుకమ్మా, రాసి ఇచ్చెయ్" అనే మనిషైతే మాత్రం ఇబ్బందే. మీరు రాసినదాన్నిబట్టి ఆయన అలాంటి మనిషేమో అని నాకు అనుమానం. అయినా సరే, తారీఖుతో ఒక మెయిల్ పంపి ఉంచండి.

అమ్మకి ఇప్పుడు చెప్పకండి. ఆవిడ చెయ్యగలిగింది ఏమీ లేదు, ఏడవడం తప్ప. ఉద్యోగం మారుతున్నానని తమ్ముడే చెప్పే రోజు వస్తే వాడి నోటినుంచే వింటుంది.

ఆఖరుగా, మీరు తప్పించుకు తిరుగుతున్న మాట ఒకటి మిగిలింది. తమ్ముడు నిజంగానే ఆ ఫోన్లు చేసే కుర్చీలో ఉన్నాడని తేలితే కుట్టుపని ఆవిడకి ఆ సంగతి తెలియాలా? తెలియాలనే అనుకుంటున్నాను. ఆవిడ తన ఇంటి గుట్టు ఎవరికి చెప్పుకుంటున్నానని నమ్మిందో, అందులో కొంత మారింది. తన ఇంటర్వ్యూ వెనక్కి తీసుకునే వీలు ఆవిడకి ఇవ్వాలి. ఆవిడ భయపడవచ్చు, మీరే పేరు చెప్పేశారేమో అని మండిపడవచ్చు, తలుపు వేసేయవచ్చు. ఆ తలుపు చప్పుడు మీరు భరించాలి. కాకపోతే నంబర్లు ఇచ్చి, ఫిర్యాదు దాఖలై, ఆవిడకి కాస్త ఊపిరాడిన తర్వాతే ఈ మాట. ముందే చెబితే మీ తమ్ముడికి కష్టం వస్తుందని మొహమాటపడి ఫిర్యాదే మానేస్తుంది. మన ఆడవాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు.

మీ ఉత్తరం నాకు చేరడానికి నాలుగు రోజులు పట్టింది, ఇది అచ్చయ్యేసరికి ఇంకో వారం. అందుకని పైన చెప్పిన నంబర్లు, ఫిర్యాదు నమూనా ఒకటి విడి కాగితం మీద రాసి నిన్ననే మీకు పోస్టు చేశాను. ఆవిడకి ఆ కాగితం ఇవ్వండి. ఈ పేజీ కత్తిరించి ఇవ్వకండి. ఇందులో ఉన్నది ఆవిడ మీ నోటినుంచి వినాల్సిన విషయం.